ముందు అర

పెళ్లయి నెలైనా కాని వదిన, ఆడపడుచు బడిసంచి సర్దుకోవడం ముచ్చటగా చూస్తోంది. రేపు ఆమె అదే బడిలో, ఆ పిల్ల క్లాసుకే టీచరుగా చేరుతోంది.

“చివరి పీరియడ్ పుస్తకం అడుగున పెట్టావేమే?”

“మొదటిది పైకి రావాలి కదా వదినా. పాఠం అయిన పుస్తకం వెనక అరలోకి పోతుంది. రోజంతా వెతుకులాటే ఉండదు.”

“ఎంత బుర్రే నీది! మీ అన్నయ్యకి రెండో సాక్సు ఏనాడూ దొరకదు.”

“అన్నయ్య సంగతి వదిలెయ్. నీ సంచి సర్దుకున్నావా?”

“మూడుసార్లు సర్దాను. అయినా ఏదో మరిచిపోతాను, క్లాసంతా నవ్వుతుంది. నువ్వు మాత్రం అక్కడ వదినా అని పిలవకు.”

“పిలవనులెండి టీచర్. నా సంచిలో ముందు అర మీకే ఖాళీ చేశాను. సుద్దముక్కలు, పెన్ను, డస్టరు పెట్టేశాను. ఏం మరిచిపోయినా మొదటి బెంచీ వైపు చూడండి, చాలు.”