తొమ్మిది సంజీవనులు

పాత వీడియోగేములు బాగుచేసే కొట్లో, చిన్న టీవీ తెర మీద ముగ్గురు బొమ్మమనుషులు, వాళ్ళ వెనక ఓ పెట్టె. చనిపోయిన తమ్ముడి ఆట క్యాసెట్ మరమ్మతుకి తెచ్చిందామె.

"మంచి ఆటేనా ఇది?"

"పాట వింటే లేవబుద్ధి కాదండీ," అన్నాడు మరమ్మతు మనిషి. " కథా బాగుంటుంది. కాకపోతే నాలుగడుగులు వేస్తే చాలు, ఓ రాక్షసుడు మీద పడతాడు. ప్రాణం విసిగిపోతుంది."

"వాడు విసుక్కోలేదు. అన్నానికి పిలిచినా లేచేవాడు కాదు."

"పేర్లు ఆయనే పెట్టుకున్నారు. అమ్మ, నాన్న, అక్క..."

"అక్కంటే నేనే. మరి వాడేడీ?"

మరమ్మతు మనిషి గొంతు తగ్గించాడు. "ఆ పెట్టెలో. ఈ ఆటలో చచ్చిపోయినవాళ్ళని అలా వెంట తీసుకెళ్తారు."

"బతికించలేమా?"

"సంజీవని తినిపిస్తే లేస్తాడు. ఈ ఆటలో గొప్పతనమే అది, ఎవరూ పూర్తిగా పోరు."

"వాడి దగ్గర లేదేమో."

అతను తెర మీద, ఆటలోని సంచి తెరిచి చూపించాడు. "తొమ్మిదున్నాయండీ. ఒక్కటీ వాడలేదు."

ఆమె కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది.

"ఇప్పుడు నేను వాడనా?"

"వాడండి. కానీ ఆటని గుర్తుంచుకునే లోపలి బ్యాటరీ కొడిగట్టింది. కొత్తది వెయ్యాలన్నా ఆట ఆపాల్సిందే. ఆపితే ఈ నలుగురూ మళ్ళీ రారు."

ఆమె మీట నొక్కింది. పెట్టె మాయమై, ఓ కుర్రాడు అక్క వెనక వచ్చి నిలబడ్డాడు.

"కొట్టు ఎన్నింటికి మూస్తారు?"