అడివి పిట్ట కాదు సారూ

ఎన్నిసార్లు చెప్పేది సారూ, ఇవి మిషన్‌లో పుట్టిన పిట్టలని? కాడపిట్టలే, అవును, కౌజులే. కానీ పుట్టింది ఈ షెడ్‌లో, పెరిగింది ఈ కమ్మీల గూట్లో. ఫారెస్టు ఆఫీసరు మీరేమో అడివి పిట్టలు పట్టి అమ్ముతాండానని నా మీదికి వస్తిరి. అట్ల పడితే జైలని నాకు తెలియదా?

ఇందాక మీరు ఫోన్‌లో ఇంట్లో ఆమెతో మన తెలుగు మాట్లాడతా ఉంటే విన్నా. అందుకే తమిళం వదిలి ఇట్ల మనసు విప్పి చెప్తాండా. కోపం చేసుకోవద్దు.

నా పేరు మీ కాగితంలో ఉండాది గదా, సీనియమ్మాళ్ అని. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేండ్లు పుల్లలు సర్దిన వేళ్ళు ఇవి. ఆ మందుకి ఊపిరాడక, వదిలేసి ఈ షెడ్డు వేసుకుంటి. ఇది మూతపడితే మళ్ళా ఆ వాసనకే పోవాల.

నా ఉసురు తీసేది కొనేవాళ్ళు. విరుదునగర్ నుంచి కార్లేసుకొని వస్తారు. పిట్టని చేతిలోకి తీసుకొని, ఇది అడివిదా, ఫారమ్‌దా అంటారు. ఫారమ్‌దంటే మొగం మాడ్చుకొని పోతారు. ఒకాయన నా ఎదురుగానే ముక్కు దగ్గర పెట్టుకొని, కోళ్ళమేత వాసనంటాడు. ప్రాణంతో ఉండే పిట్టకి మల్లెపూల వాసన వస్తాదా సారూ?

ఆఖరుకి పరోటా కడ, అదే అంగడి, పెట్టుకున్న చెల్లయ్య కూడా వద్దనె. నెలలు నెలలు నా పిట్టలే వేయించినవాడు! ఆయన కడకొచ్చేవాళ్ళు అడివి పిట్టే కావాలంటారంట. పది దినాలు ఒక్కరు రాలేదు. పిట్టలేమో ముదిరిపోతాండాయి. ముదిరితే ఎవురు నములుతారు?

ఏం చేసేది? చేనికి పోయి ఇంత నల్లరేగడి తెచ్చి, తడిపి, ఒక్కొక్క పిట్ట కాళ్ళకీ పూసినా. నవ్వుతారేమి? రెక్కల్లో రెండు గడ్డిపోచలు కూడా దూర్చినా. చెల్లయ్యకి ఫోన్ చేసి, పుదూరు చేలల్లో వలేసి పట్టినవని చెప్తిని. అబద్ధమే, ఒప్పుకుంటాండా. ఆయన మురిసిపోయి కడ ముందర అడివి పిట్టలని ఇంత బోర్డు రాయించె. అది చూసే గదా మీరు వచ్చింది?

నమ్మకుంటే ఈ పిట్ట కాళ్ళు కడిగి చూడండి. ఎత్తి చూడండి, ఎంత కొవ్వో. చేలల్లో తిరిగే పిట్టకి ఇంత కండ పడతాదా? అన్నీ ఇట్లాంటివే. అన్నీ...

ఏం అరుపు? నాకేమీ వినపళ్ళేదే. వెనక కోళ్ళుండాయి, అవేమో.

లేదు, లేదు, కూర్చోండి తమ్ముడా. మీరు లేవద్దు. నేనే తెస్తా.

ఇదో, ఈ గంప కింద ఉండేది ఒక్కటే అడివి పిట్ట. పోయిన వానలప్పుడు రెక్క విరిగి జొన్నచేలో పడి ఉండె. పసుపు రాసి, గుడ్డ కట్టి బతికించినా. రెక్క అతుక్కొని నెల దాటింది. అప్పుడే వదిలేయాల్సింది.

వదల్లేదు. కొనేవాళ్ళు వచ్చినప్పుడు ఇది వెనక నుంచి అరుస్తాది. అది విన్నాక వాళ్ళు ఇంకొక మాట అడగరు. మన్ను కాళ్ళు చూస్తారు, సంచి చాపుతారు. మన్ను పూసినప్పట్నుంచి ఈ షెడ్‌లో అమ్మిన పిట్టలన్నీ దీని గొంతు మీదనే పోయినాయి.

వదిలేయాల్నా? సరే. ఇది ఎగిరిపోతే రేపటి నుంచి నా గడప ఎవురు తొక్కుతారు? నాకు చెయ్యి రాదు తమ్ముడా. గంప మీరే ఎత్తండి.