నిప్పు నోటి ముందు మైకు

“రాయి తమ్ముడూ. ‘ఆ రోజు దుస్తుల ఫ్యాక్టరీ తగలబడుతున్నప్పుడు అందరికంటే ముందు అక్కడికి చేరినవాణ్ణి నేనే.’ రాశావా? అంతే. అంతకు మించి నేనేం చెప్పను. సొంత డబ్బా కొట్టుకోవడం నాకు చేతకాదు.”

బ్రేకింగ్ బాబాయ్ అలా మొదలుపెట్టాడు. టీవీలో వార్తలు చెప్పేవాడు. ఇరవై రెండేళ్ల సర్వీసు. సాహస పురస్కారానికి అర్జీ పెట్టుకుంటున్నాడు. దానికి ఒక వాంగ్మూలం, దాని కింద ఐదుగురు సాక్షుల సంతకాలు కావాలట. అందుకే కాలిన ఫ్యాక్టరీకి ఎదురుగా ఉన్న అక్క టీకొట్టుకు వచ్చాడు. గోడల మీద నినాదాలు రాసే చెయ్యి కదా, అక్షరాలు గుండ్రంగా ఉంటాయని కాగితాలు నాకిచ్చాడు. తొందర మనిషి. ఏమీ రాయకముందే ప్రతి కాగితం అడుగునా తన సంతకం పెట్టేసుకొచ్చాడు.

బెంచీ మీద దర్జీ మామ ఉన్నాడు. అటు చివర, ఎండ పడేచోట, డ్రైవరన్న. ఫైరింజను నడిపేవాడు. ఆ రోజు ఇంజను ఆలస్యంగా వచ్చిందని టీవీలో వారం రోజులు దాని చుట్టూ ఎర్రగీత గీసి, ‘ఎవరిదీ నిర్లక్ష్యం?’ అని అరిచారు. ఎనిమిది నెలలుగా సస్పెన్షన్‌లో ఉన్నాడు. ఎల్లుండి ఆఖరి విచారణ. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ రోజు తేలిపోతుంది. గేటు దగ్గర దారి లేదని అతనూ అతని జట్టూ ఎంత మొత్తుకున్నా, తప్పు కప్పిపుచ్చుకుంటున్నారనే అన్నారు. మేమంతా ఆ సమయంలో వెనక గోడ దగ్గర, దూకినవాళ్లను పట్టుకుంటున్నాం. గేటు దగ్గర ఏం జరిగిందో మాలో ఎవరూ చూడలేదు.

అక్క చెల్లెలు మూడో అంతస్తులో బొత్తాలు కుట్టేది. ఆ మంటల్లో పోయింది. అప్పట్నుంచి అక్క డ్రైవరన్నకు టీ పొయ్యదు. అయినా అతను రోజూ వస్తాడు, కాసేపు కూర్చుని వెళ్లిపోతాడు.

“ముందు నా గురించి నాలుగు ముక్కలు రాయి,” అన్నాడు బాబాయ్. “నేను ఈ వృత్తిలోకొచ్చినప్పుడు ఇప్పటిలా వేలు నొక్కితే వార్త వెళ్లిపోయేది కాదయ్యా. క్యాసెట్టు బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపాలి. ఓసారి బస్సు తప్పిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? క్యాసెట్టు పళ్ల మధ్య పెట్టుకుని పరుగెత్తాను. బస్సు కంటే అరగంట ముందు చేరాను.”

“ఎంత దూరమేంటి బాబాయ్?” అన్నాడు దర్జీ మామ.

“నూట ఎనభై కిలోమీటర్లు. మధ్యలో రైలు గేటు పడింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇంకా ముందే వెళ్దును.”

“గేటు నీకు పడిందా, బస్సుకు పడిందా?”

“మామా, నువ్వు సూదిలో దారం ఎక్కించుకో. చరిత్రలో వేలు పెట్టకు. ఆ, రాయి తమ్ముడూ. ఆ రోజు పొద్దున పదిన్నర. ఆఫీసులో కూర్చున్నాను. ముక్కుకు వాసన తగిలింది. మంట వాసన అనుకుంటున్నారా? కాదు, మంట రాబోయే వాసన! నిజం చెప్పాలంటే నిప్పు అంటుకోక ముందే బయల్దేరాను. నేను వచ్చి నిలబడ్డాకే అంటుకుంది.”

“నీకోసం ఆగిందన్నమాట.”

“మర్యాద తెలిసిన నిప్పు. నేను ఒక్క గెంతులో లోపలికి దూకాను. చుట్టూ సెగ. నా కనుబొమ్మలు కాలిపోతున్నాయి, ఓ చేత్తో దువ్వుకుంటున్నాను. రెండో చేత్తో మైకు తీసి మంట నోటి ముందు పెట్టాను. ‘చెప్పండి, ఇంతమందిని కాలుస్తున్నారు, ఈ క్షణంలో మీకెలా అనిపిస్తోంది?’ అన్నాను.”

అక్క చేతిలో గ్లాసు ఆగింది. నా కలం కూడా.

“ఆగావేంటి, రాయి! మంట గుటకలు మింగింది. ‘సార్, నా తప్పేం లేదు, వైరింగు పాతది’ అంది. ఎక్స్‌క్లూజివ్! ప్రపంచంలో నిప్పుతో ముఖాముఖి చేసినవాడు ఇంకొకడుంటే చూపించండి, మైకు పక్కన పెట్టేసి మేకలు కాస్తాను.”

“కాలుతున్నవాళ్లను ఏమీ అడగలేదా సార్?” అంది అక్క, చాలా నెమ్మదిగా.

“అడక్కేం! మూడో అంతస్తు ఎడమ చివరి కిటికీలో ఓ అమ్మాయి. ‘పరిస్థితి ఎలా ఉంది?’ అని కిందనుంచి అడిగాను. చెయ్యి ఊపింది. నేనెవరో గుర్తుపట్టింది పాపం.”

అక్క స్టూలు మీద కూలబడింది. దర్జీ మామ చేతిలో సూది కింద పెట్టేశాడు. బాబాయ్ మాత్రం మా ముఖాలు చూసి, కథ రక్తి కట్టిందనుకున్నాడు.

“అసలు విషయం వినండి. నా లైవ్ చూస్తున్న జనం ఇళ్లలో తట్టుకోలేకపోయారు. బిందెలకు బిందెలు నీళ్లు తెచ్చి టీవీల మీద పోశారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇక్కడ నా మైకులోంచి నీళ్లు! ఏనుగు తొండం లావు ధార! ఆ ధారతోనే ఒక అంతస్తు ఆర్పేశాను. ఇక మైకు వైరు పైకి విసిరాను. పట్టుకోండి అన్నాను. ఒక్క లాగుకు నలభై మంది!”

“లోపల ఉన్నదే ముప్పై ఆరుగురు కదయ్యా.”

“మిగతా నలుగురు పక్క వీధివాళ్లు. సరదా పడి ఎక్కారు.”

“మరి పోయినవాళ్లు?” అన్నాడు మామ. అతని గొంతులో ఎగతాళి లేదు.

బాబాయ్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. “వాళ్లు ప్రకటనలప్పుడు పోయారు. అప్పుడు నేను లైవ్‌లో లేను.”

పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా అక్క లేవలేదు. ఆ మాటన్న నోరు అక్కడే ఉంది, తడి పెదాలతో టీ చప్పరిస్తోంది. నా చేతిలో ఉన్నది కలం కాబట్టి సరిపోయింది.

అప్పుడు డ్రైవరన్న నోరు విప్పాడు. ఎనిమిది నెలల్లో అతని గొంతు మేం విన్నది తక్కువ.

“సార్, మీ వ్యాను ఎక్కడ పెట్టారు?”

బాబాయ్ ముఖం విప్పారింది. “ఆహా! అడిగితే అలా అడగాలి. పనితనమంటే అదీ! గేటు నోట్లో అడ్డంగా పెట్టించాను. అటూ ఇటూ జానెడేసి సందు. వేరే చానల్ కెమెరా కాదు కదా, చీమ కూడా లోపలికి పోలేదు. దృశ్యం మొత్తం నాదే!”

“ఎవరూ తియ్యమనలేదా?”

“అనకేం! వెనక ఫైరింజను వచ్చి ఒకటే గంట. డ్రైవరెవడో దిగొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. డిష్ ఎత్తి సిగ్నల్ కలిపాక బండి అంగుళం కదిలినా లైవ్ పోతుంది. కదిలిస్తానా? ప్రజాస్వామ్యానికి నాలుగో స్తంభాన్నయ్యా నేను! స్తంభం కదులుతుందా?”

“ఎంతసేపు కదల్లేదు సార్?”

“ఇంకోడైతే రెండు నిమిషాలకే జడుసుకునేవాడు. నేను పదకొండు నిమిషాలు! తెర మీద మూలన టైము పడుతుందిగా, చూసి మరీ చెబుతున్నా. ఫైరింజన్ని పదకొండు నిమిషాలు ఆపిన మొనగాడు ఏ చానల్‌లోనైనా ఉన్నాడా? తమ్ముడూ, ఆ అంకె పెద్దగా రాయి.”

రాశాను. ఆయన చెప్పిన మాట ఒక్కటీ వదలకుండా, గోడ మీద రాసినంత పెద్దగా.

“మీ చేతులు పట్టుకున్నది నేనే సార్,” అన్నాడు డ్రైవరన్న.

బాబాయ్ అతని ముఖం చూశాడు. బహుశా మొదటిసారి. ఆ రోజు ఆయన చూపంతా కెమెరా మీదే ఉండి ఉంటుంది.

అక్క లేచి వచ్చింది. “అడ్డం పెట్టింది ఈయన వ్యానని ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?”

“చెప్పానక్కా. ఈయన మైకులోనే చెప్పాను. ఆ ముక్క కోసేసి మిగతాది వేశారు.”

“ఏయ్, ఏంటి మీరు!” బాబాయ్ నవ్వబోయాడు. “ఊరికే అన్నానయ్యా. కోతలు! ఇరవై రెండేళ్ల అలవాటు. ఒకటి ఉంటే పది చెబుతాను, మీకు తెలీదా?”

“తెలుసు సార్,” అన్నాడు డ్రైవరన్న. “బస్సును దాటి పరుగెత్తడం కోతే. మైకులో నీళ్లు కోతే. నలభై మందీ కోతే. పదకొండు నిమిషాలు మాత్రం కోత కాదు. వెనక నిలబడి నేనూ లెక్కపెట్టాను.”

బాబాయ్ కాగితం మీదకు చెయ్యి చాచాడు. ఆ చేతిని దర్జీ మామ పట్టుకున్నాడు. నేను కాగితం తీసి అక్క ముందు పెట్టాను. అక్క కొంగుకు చేతులు తుడుచుకుని, కింద ఆయన సంతకం ఉందో లేదో చూసి, దాని పక్కన తన పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది.

తర్వాత డ్రైవరన్న వైపు తిరిగింది.

“ఎల్లుండి విచారణ ఎన్నింటికి?”

“పదింటికక్కా.”

“కొట్టు మూసేసి వస్తాను.”