నల్ల పెట్టె, తెల్ల పెట్టె గొడవలో అక్క చెప్పినది

నా పేరు పైన రాసుకున్నారు. వయసు నలభై ఒకటి. పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తాను. ఈ రోజు ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. లేకపోయుంటే బాగుండేది.

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. మా తమ్ముడు కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తాడు. ఇద్దరికీ చెరొక వీడియో గేమ్ పెట్టె ఉంది. ఆయనది నల్లది, వాడిది తెల్లది, వేర్వేరు కంపెనీలవి. దేనిలో బొమ్మ బాగుంటుందన్నది ఏడాదిగా నడుస్తున్న రగడ. ఉదయం పది గంటలకు తమ్ముడు తన పెట్టెతో పాటు టీవీ కూడా మోసుకొచ్చాడు. రెండు టీవీలూ ఒకే రకం. పక్కపక్కన పెట్టి, ఒకే ఆట వేసి, ఎవరూ ఆడకుండా దానంతట అదే నడిచే మొదటి ఘట్టాన్ని "ఒకటి, రెండు, మూడు" అనుకుని ఒకేసారి మొదలుపెట్టేవారు. మూడు నిమిషాల ఘట్టం. పద్దెనిమిదిసార్లు చూశారు. గడ్డిపరకలు లెక్కపెట్టారు. అవునండీ, గడ్డే. నాకైతే రెండింటిలోనూ గడ్డి గడ్డిలాగే ఉంది. ఆ మాట అంటే ఇద్దరూ నన్ను జాలిగా చూశారు.

ఒంటిగంటకు భోజనానికి లేచారు. టీవీల వెనక దుమ్ము తుడుద్దామని నేను పెట్టెల నుంచి టీవీలకు వెళ్లే వైర్లు రెండూ పీకి మళ్లీ పెట్టాను. రెండూ ఒకేలా ఉన్నాయి. ఒకదానిది ఇంకోదానికి పెట్టేశాను. ఆ సంగతి అప్పుడు నాకూ తెలియదు.

ఒంటిగంటన్నర నుంచి మూడున్నర దాకా మా ఆయన తనదే అనుకుని వాడి తెల్ల పెట్టె బొమ్మను మెచ్చుకున్నాడు. వాడు తనదే అనుకుని ఈయన నల్ల పెట్టె బొమ్మను మెచ్చుకున్నాడు. "చూడరా, నీ గడ్డి అంతా అలుక్కుపోయింది" అని ఆయన. "ఈ చూపుతో బస్సెలా నడుపుతున్నావు బావా? మా షాపుకి రా, ఊరికే అద్దాలిస్తా" అని వాడు. బస్సు మాట ఎత్తేసరికి మా ఆయన వాణ్ణి తోశాడు. వాడు బల్ల అంచు మీద పడ్డాడు. కనుబొమ్మ దగ్గర మూడు కుట్లు పడ్డాయి. కుట్లు వేయించుకుని నేరుగా ఈ పోలీసు స్టేషనుకొచ్చి ఫిర్యాదు రాసిచ్చాడు. మీరు మా ఆయననూ పిలిపించారు. కేసు నమోదైతే మా ఆయనను ఇక బస్సు ఎక్కనివ్వరు.

నాలుగున్నరకు ఆ టీవీలు అవతల పడేద్దామని వైరు పట్టుకు చూస్తే తారుమారు సంగతి తెలిసింది. ఇక్కడికొచ్చి మీ ఎదుటే ఇద్దరికీ చెప్పాను. తర్వాత తమ్ముడు, "నా పెట్టే బాగుందని బావని ఒక్కసారి అనమనక్కా, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటా" అన్నాడు. మా ఆయన గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. అరగంటైంది, మీరూ చూస్తున్నారు.

రేపు ఉదయం ఐదింటికి ఆయనకు డ్యూటీ. మధ్యాహ్నం రెండు గంటలసేపు ఆ మాట అన్న మనిషే, తెలియక. తెలిసి ఒక్కసారి అనమంటే నోరు పెగలడం లేదు.

ఇందులో ఉన్నవన్నీ నేను చూసినవి, నేను చేసినవి. చదివి వినిపించారు, సరిగ్గానే ఉంది. ఇద్దరిలో ఎవరి పక్షమూ వహించి చెప్పలేదు. ఇద్దరి మీదా సమానంగా విసిగిపోయి చెప్పాను.

(సంతకం)