ముప్పై రెండో ముక్క

కెనడాలోని కిచెనర్‌లో సుధామయి వంటింటి బల్ల. ఏప్రిల్ నెల, ఆదివారం మధ్యాహ్నం. ఒషావా నుంచి రెండు బస్సులు మారి వచ్చిన, ఆమె కూతురు వైదేహి స్నేహితుడు అభిరామ్ ఇంకా కోటు కూడా విప్పలేదు.

"ముప్పై ఒకటే ఉన్నాయి బాబూ. ఇంకోటేదీ?"

"ముప్పై ఒకటే ఆంటీ. ఉన్నవన్నీ పంపించిన."

"ముందు ఆ కోటు విప్పు. నుదురంతా చెమట."

"ఫరవాలేదు. ఫారమ్ మీద సంతకం పెడితే వెళ్ళిపోత. నాలుగింటికి బస్సున్నది."

"ఆ ఫారమ్ సంగతి ఇంకోసారి చెప్పు. రెండుసార్లు చదివాను, బుర్రకెక్కలేదు."

"ఏం లేదు ఆంటీ. వైదేహి చేసిన మ్యూజిక్ ఆన్‌లైన్‌ల పెడ్తం. వచ్చే శనివారం లైబ్రరీల హాలు ఇచ్చిన్రు, ఫ్రెండ్స్‌ని పిలిచి వినిపిస్తం. తను లేదు గనక తల్లిగా మీరు ఒప్పుకోవాలె. అంతే."

"తను లేదు గనక."

"సారీ ఆంటీ."

"సారీ ఎందుకు, ఉన్నమాటే అన్నావు. రెండు నెలలయింది. కాఫీ కలపనా, టీ పెట్టనా?"

"ఏదైనా."

"వైదేహీ అంతే. ఏ ముక్క ముందు వినాలే అంటే ఏదైనా. ఎక్కడ ఆపాలే అంటే ఎక్కడైనా. పేకముక్కలు కలిపినట్టు ఫోనే కలిపేస్తుందమ్మా, రోజుకో వరస వస్తుంది, అదే దీని అందం అనేది. ముప్పై ఏళ్ళు సంగీతం చెప్పినదాన్ని నేను. సరళీ వరసలు నోటికి రాకుండా జంట వరసలు చెప్పను. నా కడుపున పుట్టి ఇదేం పని అనుకున్నా."

"మీ గురించే చేసింది ఆంటీ."

"నా గురించా?"

"చిన్నప్పుడు ఒక్క స్వరం తప్పితే మళ్ళ మొదట్నుంచి పాడించేటోళ్ళట కదా. 'మా అమ్మ తప్పు పట్టలేని పాట చేస్త. వరసే లేకపోతే వరస తప్పిందని ఎట్ల అంటది' అన్నది. చెప్పుకుంట ఒకటే నవ్వు."

"పన్నెండేళ్ళకి మానేసింది. వర్ణం దాకా వచ్చి. నేనే కాస్త వదిలిపెట్టి ఉండాల్సింది."

"ఆంటీ, ఈ క్యాలెండర్ ఇంకా ఫిబ్రవరిలనే ఉన్నది. కాగితం తిప్పాల్నా?"

"ఉండనీ. దాన్ని ముట్టుకోకు."

"ఊరికే అడిగిన."

"కూర్చో. రోజూ వింటున్నా తెలుసా? పొద్దున్నే దీపం పెట్టాక, అన్నీ ఒకసారి. ఏ రోజు ఏది ముందొచ్చిందో, దాని వెనక ఏదొచ్చిందో నోట్‌బుక్కులో రాసుకుంటా."

"రాస్తున్నరా? ఎందుకు?"

"నాకు వరస లేకపోతే తోచదు. విన్న మొదటిరోజే ఒకటి పట్టుకున్నా. ప్రతి ముక్కా ఐదున్నర శ్రుతిలో మొదలవుతుంది, ఐదున్నరలోనే ఆగుతుంది. అందుకే దేని పక్కన దేన్ని పెట్టినా అతుక్కుంటుంది. అది నా శ్రుతి. నా శ్రుతిపెట్టె మోత."

"మీ పెట్టెదే. దసరాకి వచ్చినప్పుడు రికార్డ్ చేసింది. నేనే మైకు పట్టుకున్న."

"వీణ మీద దుమ్ము దులుపుతూ నేను ఇదే గదిలో ఉన్నా. ఒక్క ముక్క చెప్పలేదు. ఫోన్లూ అంతే. నేను మాట్లాడినవన్నీ దాచుకుని, కత్తిరించి, ఒక్కో ముక్కలో ఒక్కో మాట పెట్టింది. 'తిన్నావా.' 'తలుపేసుకున్నావా.' 'చేరావా.' నేను ఇంతకు మించి ఏమీ మాట్లాడలేదా దానితో, అనిపించింది."

"అట్ల కాదు ఆంటీ. తనకి అవే ఇష్టం."

"ఒకరోజు 'చేరావా' మొట్టమొదట వచ్చింది. వెనకే 'తిన్నావా.' ఆ రోజు బానే ఉన్నా. కూర కూడా వండుకున్నా. మర్నాడు అదే 'చేరావా' అన్నిటికంటే చివర్న వచ్చింది. దాని తర్వాత ఇంకేం లేదు. శ్రుతి కాసేపు మోగి ఆగిపోయింది. ఆ రోజంతా ఈ కుర్చీలోంచి లేవలేకపోయాను."

"వినకండి ఆంటీ. కొన్ని రోజులు ఆపండి."

"నువ్వు నాకు నీతులు చెప్పకు. ఇదిగో నా ఫోను, ఈ మెసేజ్ చదువు. పైకి చదువు, నాకు కళ్ళజోడు లేదు."

"మీ జోడు మీ తలమీదనే ఉన్నది."

"చదవమన్నానా."

"'అమ్మా, అయిపోయింది. ముప్పై రెండు. రేపు వచ్చి వినిపిస్తా.'"

"ఎప్పుడు పెట్టింది ఆ మెసేజ్?"

"శుక్రవారం. సాయంత్రం ఏడు పది."

"శనివారం పొద్దున బయల్దేరింది. మధ్యలో ఇంకేం లేదు. అది ముప్పై రెండంది. నువ్వు ముప్పై ఒకటి పంపించావు."

"ఒకటి తీసేసి ఉంటది ఆంటీ. తను అట్లనే. చేస్తది, తీస్తది."

"అయిపోయింది అని నాకు చెప్పి, తర్వాత తీసేసిందా?"

"ఏమో. లేదంటే ఫైల్ కరప్ట్ అయింది కావచ్చు. లాప్‌టాప్ పాతది."

"తీసేసిందా, కరప్ట్ అయిందా?"

"ఏదో ఒకటి."

"అభీ."

"ఆంటీ."

"మా ఇంట్లో ఎన్నిసార్లు అన్నం తిన్నావు?"

"అది ఎందుకు ఇప్పుడు."

"చెప్పు."

"లెక్క లేదు."

"మరి తలెత్తి నా మొహం చూసి చెప్పు. ఎవరు తీశారు?"

"నేను."

"ఊఁ."

"నేనే తీసిన ఆంటీ. డిలీట్ చెయ్యలేదు. పక్కకి పెట్టిన. నా ఫోన్‌ల ఉన్నది."

"గురువారం ఫోన్లో మేం చివరిసారి మాట్లాడుకున్నదేనా అది?"

"అవును."

"అయితే నువ్వు చెప్పక్కర్లేదు, నేను చెప్తా. వాళ్ళ నాన్న తద్దినం. కొడుకుల్లేరు. నాలుగేళ్ళ నుంచీ గుళ్ళో స్వయంపాకం ఇచ్చేది అదే. పంతులుగారు ఇండియా వెళ్ళారు, ఈసారి మనమే చూసుకుని ఇచ్చేద్దాం రమ్మన్నాను. 'శుక్రవారం వస్తానమ్మా, శనివారం ఫ్రీజింగ్ రెయిన్ అంటున్నారు, రోడ్లు అద్దంలా ఉంటాయి' అంది. తద్దినం ఎవరైనా ముందురోజు పెడతారటే, తిథి శనివారం అన్నాను. మీ నాన్న తిథి నీ వెదర్ యాప్‌ని బట్టి మారదు అన్నాను. ఇదంతా ఉందా?"

"అంత లేదు. చివరిది ఉన్నది. 'తిథి మారదు.' అదే మళ్ళ మళ్ళ వస్తది."

"ఎన్నిసార్లు?"

"చాలాసార్లు. వెనక మీ శ్రుతిపెట్టె."

"నన్ను వెక్కిరించిందన్నమాట."

"కాదాంటీ. శుక్రవారం చేసి వెంటనే నాకు పంపించి ఫోన్ చేసింది. ముప్పై ఒకటి ఎట్ల పడితే అట్ల మారుతయి, మారనిది అని చెప్పేది ఇదొక్కటి, అది కూడా మా అమ్మ నోట్లకెల్లే రావాలె అన్నది. అన్నిట్ల ఇదే బాగొచ్చిందన్నది. చానా సంబరపడ్డది."

"మరి నువ్వెందుకు దాచావు?"

"హాల్ల అరవై మంది కూర్చుంటరు. ఇక్కడి తెలుగువాళ్ళు కూడా వస్తరు. యాక్సిడెంట్ శనివారమే అయిందని అందరికీ తెల్సు. ఎవరి ఫోన్‌ల వాళ్ళు వింటరు, ఒకరికి ఇది మొదట వస్తది, ఒకరికి నడుమ వస్తది. ఎవరికో ఒకరికి చివరికి వస్తది. మీ గొంతు వినుకుంట లేచి బయటికి పోతరు. పోయి ఏమనుకుంటరు?"

"ఏమనుకుంటారు?"

"వదిలేయండి."

"తల్లే పిలిచి చంపుకుంది అనుకుంటారు. అదేగా?"

"అట్ల అనకండి ఆంటీ. దండం పెడ్త."

"నేను అనకపోతే ఆగుతుందా? మిల్టన్ దాటాక ట్రక్కు కింద దూరిన కారు ఎవరి ఇంటికి వస్తోందని అడిగితే ఏం చెప్తావు? పోనీలే. నాకు కావాల్సింది నా మాట కాదు. నేనన్నది నాకు కంఠతా వచ్చు. అది ఏమందో కావాలి."

"అంటే?"

"నాకు గుర్తులేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. తిథి మారదు అనేసి ఫోన్ ఒక చేత్తో పట్టుకుని స్టవ్ కట్టేశా. అది ఏదో అంది. సరేనందా, విసుక్కుందా, ఏడ్చిందా. చెవిలో పడింది, మనసులోకి పోలేదు. రెండు నెలల నుంచీ అదొక్కటే వెతుక్కుంటున్నా. ముప్పై ఒకటీ వింటున్నా. అన్నిట్లో నా గొంతే. దాని గొంతు ఒక్కదాంట్లోనూ లేదు."

"తన గొంతు తనకి నచ్చదు."

"నువ్వు దాచినదాంట్లో ఉందా?"

"ఆంటీ, ఇంకోరోజు..."

"ఉందా?"

"ఉన్నది. చిట్టచివర. కొంచెమే. నాలుగైదు సెకన్లు."

"పెట్టు."

"మీరు ఒక్కరే ఉన్నరు. నేను వెళ్ళిపోయినంక ఎట్లుంటరు? శ్యామల ఆంటీని పిలవనా, పక్క వీధే కదా."

"ఎవర్నీ పిలవకు. పెట్టు. అది విన్నాకే సంతకం."

"సౌండ్ తక్కువ పెడ్త."

"పెంచు."

"తిథి మారదు... మారదు... తిథి... శనివారం పదింటికి ఇక్కడుండాలి... మారదు... తిథి మారదు... మారదు..."

"ఆపుత ఆంటీ."

"చెయ్యి తియ్యి."

"మారదు... తిథి మారదు... 'సరేలే అమ్మా, శనివారమే వస్తా. గారెలు నాకు నాలుగు దాచు. అన్నీ ఆ కాకులకి పెట్టెయ్యకు.'"

"అయిపోయిందాంటీ."

"ఇంకోసారి. చివరిది ఒక్కటే."

"'సరేలే అమ్మా, శనివారమే వస్తా. గారెలు నాకు నాలుగు దాచు. అన్నీ ఆ కాకులకి పెట్టెయ్యకు.'"

"నవ్వుతోంది."

"నవ్వుతనే ఉన్నది ఆంటీ."

"కోపం లేదు కదా? నీకు దాని గొంతు బాగా తెలుసు. నువ్వు చెప్పు. కోపం లేదు కదా?"

"లేదు. కోపమొస్తే ఇంగ్లీషుల మాట్లాడ్తది."

"అవును. ఇంగ్లీషులోకి దిగిపోయేది."

"నీళ్ళు తాగండి."

"నాలుగు కాదు, ఆరు తీసిపెట్టా. స్టీలు డబ్బాలో. పోలీసులు తలుపు కొట్టినప్పుడు ఆ డబ్బా చేతిలోనే ఉంది. ఇద్దరొచ్చారు. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. కూర్చోమన్నాను. వాళ్ళు నన్ను కూర్చోమన్నారు."

"ఆంటీ."

"ఫారమ్ ఇటివ్వు. ఎక్కడ?"

"ఇక్కడ. కింద తారీఖు కూడా."

"ముప్పై ఒకటి అని రాశావు. కొట్టేసి ముప్పై రెండు చెయ్యి."

"వద్దాంటీ. మీరు విన్నరు, చాలు. బయట పెట్టొద్దు."

"అది ముప్పై రెండంది. నేను ఒకటి తగ్గించను."

"జనం..."

"అననీ."

"అయితే నేను మాట్లాడ్త. అందరు ఫోన్లు తియ్యకముందే లేచి నిలబడి చెప్త."

"ఏమని?"

"ఇందులో ఆంటీ తప్పు ఏం లేదని. మా ఇంట్ల కూడా అంతే కదా. తాత తిథి నాడు మా బాపు పరీక్ష కూడా ఎగ్గొట్టిండు. తిథి మీ చేతుల ఉండదు, నా చేతుల ఉండదు. శనివారం అంటే శనివారమే. శుక్రవారం చేద్దామంటే ఎట్ల కుదురుతది? దానికి మీరైనా ఏం చేస్తరు?"

"పంతులుగారు మార్చిలో వచ్చారు."

"ఏ పంతులుగారు?"

"గుడి పంతులుగారు. ఇండియా నుంచి. వైదేహి మాసికానికి రోజు చూసి చెప్పమని వెళ్ళాను. ఆయన పుస్తకం తీసి, మీ ఆయన తద్దినానికి ఈ ఏడు నేను లేను కదమ్మా, ఏ రోజు పెట్టుకున్నారు అని అడిగారు. శనివారం అన్నాను. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుని, ఏ పంచాంగం చూశారమ్మా అన్నారు."

"ఏది చూసిన్రు?"

"అదిగో, గోడ మీదున్నదే. బెజవాడ నుంచి మా శాంతక్క పంపిస్తుంది ఏటా. అందులో శనివారం గడిలోనే ఉంది తిథి. నేను సున్నా చుట్టి పెట్టుకున్నా."

"మరి కరెక్టే కదా."

"బెజవాడకి కరెక్టే. ఇక్కడ మనం పదిన్నర గంటలు వెనక ఉన్నాం. శనివారం ఇక్కడ తెల్లారే వేళకే తిథి అయిపోయింది."

"అంటే ఆంటీ?"

"ఇక్కడ తిథి శుక్రవారమే బాబూ. అది వస్తానన్న రోజే."