మేడంవాళ్ల ఊరికి

గల్ఫ్‌లో, ముషైరిబ్ బజారులో కారు ఆపి, దుకాణంలోకి వెళ్లిన మేడం కోసం ఎదురుచూస్తున్నాడు డ్రైవర్ తిరుపాలు. వెనక సీట్లో గురవమ్మ ఒళ్లో మేడం బిడ్డ నిద్రపోతోంది.

“వీళ్లు వాళ్ల మెక్సికోకు పోతాండారంట తిరుపాలూ. బిడ్డ కోసరం నన్నూ రమ్మంటాండారు. ఏందో చిన్న టౌనంట.”

“ఆడ తెలుగోళ్లు ఒక్కరన్నా ఉంటారా అక్కా?”

“హిందీ మాట్లాడేటోళ్లు గూడా ఉండరంట. జరమొస్తే ఎవురితో చెప్పుకోవాల? తలుచుకుంటేనే గుండె దడదడమంటాంది.”

“అట్లయితే రానని చెప్పు.”

“వీళ్లు పోతే ఈడ నా వీసా గూడా పోతాది కదా.”

“కడపకు పో. ఇల్లుండాది, బావ ఉండాడు.”

గురవమ్మ బిడ్డ తల కింద చెయ్యి సర్దుకుంది.

“నిన్న బావ నాకు ఫోన్ చేసినాడక్కా.”

“ఏమన్నాడు?”

“నువ్వెప్పుడొస్తావని అడిగినాడు. శానా బాగా మాట్లాడినాడు. మారినాడేమో.”

“నా చెయ్యి ఇరగ్గొట్టే ముందు రోజు గూడా శానా బాగా మాట్లాడినాడు.”

తిరుపాలు వెనక్కి తిరిగి ఆమె ముఖం చూశాడు.

సంచులు పట్టుకుని మేడం కారు వైపు వస్తోంది.

“నేను వస్తానని ఇంగ్లీషులో నువ్వే చెప్పు తిరుపాలూ. నాకు నోరు తిరగదు.”

“భయం లేదా అక్కా?”

“శానా ఉండాది. ఆ ఊరి పేరు మాత్రం నువ్వు అడగాకు. నీకు తెలిస్తే ఆయనకు తెలుస్తాది.”