సట్టి మూత

దసరా వెళ్ళిన మూడో రోజు పొద్దున్నే, డ్రిల్లు మాస్టరు గాబ్రియేలు కర్నూలు నుంచి పది మైళ్ళు సైకిలు తొక్కుకుంటూ అయ్యన్న ఇంటికి వచ్చాడు. సైకిలును అరుగుకు ఆనించాడు. అయ్యన్న లేవలేదు.

“తీసకపోండి సారూ. నేను ఎక్కను.”

“ఎక్కకుంటే ఎట్లప్పా? పుష్యమాసంలో పోటీ. తుంగభద్ర ఈదల్ల, ఆ గట్టున సైకిలెక్కల్ల, దిగినాక పరుగెత్తల్ల. మూడూ ఒక్క పూటే. ఈ పొద్దు మొదులుపెడితే గాని ఒళ్ళు కుదురుకోదు.”

“వేరేవాన్ని చూసుకోండి.”

“యాడుండాడు వేరేవాడు? పోయినేడు కాలేజీ పిల్లోళ్ళు వెన్న పూసిన రొట్టెలు తినొచ్చిరి. నువ్వు జొన్నరొట్టె తినొచ్చి రెండోవాడివైనావు. ఏటి కాడ జనం ఏమనిరి? ‘ఎవడప్పా ఈ మొసలి’ అని గదా!”

“అనిరి.”

“నగవేమప్పా? ఆ పొద్దు ఎంత నగితివి!”

“ఆ పొద్దు ఆమె గట్టు మీద ఉండె.”

“మీ ఇంటామె మహాదేవమ్మ పోయి మూడు నెలలు కావస్తాండాది. ఎన్నాళ్ళని ఇట్ల గోడకానుకోని కూర్చుంటావు? ముప్పై ఏండ్లు డ్రిల్లు చెప్పినా. నా చేతి కింద ఒక్కడన్నా మొదటోడు కావల్ల. అది నువ్వే. ఇదో, కొత్త కాగితం రాసుకొచ్చినా. మొదటి నెల పరుగు వద్దు, బాయిలో ఈత మాత్రం...”

“చదవద్దు.”

“విను ముందు. తిండి గూడా పోయినసారి రాసినట్లే...”

“చదవద్దంటి గదా సారూ.”

“సరే, సరే. ఏం తింటాండావు? ఎముకలు లెక్కబెట్టచ్చు.”

“ఇంత గంజి.”

“గంజి తాగి ఏరు ఈదుతావా? ఎండాకాలమంతా ఒళ్ళు ఎంత బాగా నిలబెట్టుకోనుంటివి! పందేలు లేని నాళ్ళలో తినిందే పందెం నాడు కాళ్ళకొస్తాదని చెప్పినా ల్యాదా? పొద్దున రెండు గుడ్లు, నానిన శెనగలు. మజ్జానం మూడు రొట్టెలు, చెనిక్కాయల ఊరిబిండి. పడుకునే ముందర అర్ధశేరు పాలు. ఒక్క పూట తప్పిందా?”

“తప్పలేదు. కరువులో గూడా తప్పలేదు. ఆమె యాడ తెచ్చేదో నేను అడగలేదు.”

“అదీ! ఊరు ఊరంతా సర్కారు గంజికేంద్రం కాడ చెంబులు పట్టుకోని నిలబడినప్పుడు గూడా...”

“ఆమె పోతాననె.”

“యాడికి?”

“గంజికి. నేనే వద్దంటి. ‘ఏరు ఈదేవాని పెండ్లాం చెంబు పట్టుకోని నిలబడితే నగుతారే’ అంటి. ‘అట్లనేలే’ అనె.”

“పరువు గల మనిషివి, అంటావు. దాంట్లో తప్పేముండాది?”

“సారూ, మీ ఇండ్లల్లో మొగోళ్ళు కూటి సట్టి మూత తీస్తారా?”

“ఇప్పుడు సట్టి మూతేందప్పా?”

“మా ఇండ్లల్లో తీయరు. మొగోని కన్ను సట్టిలో పడితే బరకత్తు పోతాది, కూడు చాలదంటారు. మా అబ్బ తీయలేదు, మా నాయన తీయలేదు. నేనూ తీయలేదు. పెట్టింది తింటి. తినొచ్చి ఈ అరుగు మీద కాళ్ళకు ఆముదం రుద్దుకుంటాంటే, లోపల గరిటె చప్పుడయ్యేది.”

“తింటాండాదనుకుంటివి.”

“అనుకుంటి. శానా సేపు గీకేది సారూ. ‘ఏమే, సట్టి పగలగొడతావా’ అని ఎగతాళి జేస్తి. నగేది.”

“చాలు అయ్యన్నా.”

“ఆమె పోయిన పొద్దు, నీళ్ళ కడవ దించతా దించతా గడపలో పడిపాయ. ఇంత సంగటి నీళ్ళన్నా నోట్లో పోద్దామని లోపలికి పోయి మూత తీస్తి. తుడిచినట్లుండె. గరిటె ఒక్కటే ఉండె.”

“కరువప్పా. ఈ సీమలో ఎంతమంది పోలేదు?”

“కరువు నా గిన్నెలోకి రాలేదు గదా సారూ. గుడ్లు వచ్చె, పాలు వచ్చె. ఒక్క ఇంట్లో రెండు గిన్నెలు. కరువుకు ఆమె గిన్నె ఒక్కటే ఎట్ల తెలిసె?”

“నువ్వు చూడలేదు. నీ తప్పేముండాది?”

“చూడకపోవడమే తప్పు. అందుకే ఎక్కను, ఈదను. పోండి సారూ.”

“నీ ఒక్కనిదే కాదంటాండా!”

“ఇంకెవరిది? మీరు రాసిచ్చిరి, నేను తింటి.”

“ఏరువాక పున్నమి నాడు ఆ యమ్మ బడి కాడికొచ్చింది.”

“బడి కాడికా? మా మహాదేవమ్మనా? పది మైళ్ళు?”

“నడిచే వచ్చింది. కిటికీ కాడ నిలబడింది. ‘ఆ కాగితంలో ఏదన్నా ఒక్కటి కొట్టేస్తారా సారూ’ అనడిగింది. పాలన్నా, ఒక గుడ్డన్నా.”

“మీరేమంటిరి?”

“ఎండ శానా ఉండె ఆ పొద్దు...”

“ఏమంటిరి సారూ?”

“ఒక్కటి కొట్టేసినా ఏడాదంతా పాడైతాదంటి. వానికి చెప్పొద్దు, మనసు చెదురుతాదంటి. తల ఊపి పోయింది.”

“ఎందుకు కొట్టేయల్లనో అడగలేదా?”

“అడిగినా.”

“ఏం చెప్పె?”

“ఎండెక్కతాండాది అయ్యన్నా. ఇంకోనాడు వస్తా...”

“సైకిలు నా చేతిలో ఉండాది. చెప్పి పోండి.”

“నీళ్ళోసుకున్నానని చెప్పింది. రెండో నెలని. వానలు పడినాక వానికి చెప్పుకోమ్మా, అంతదాకా ఓర్చుకో అంటి. దేవుని సాక్షిగా, ఇట్లయితాదని నాకు... నీకెట్ల చెప్పల్లనో తెలీక ఇన్నాళ్ళు...”

“కడుపుతో ఉండాదని నాకు తెలుసు సారూ. ఆమె పోయిన పొద్దు ఒళ్ళు కడిగిన మంత్రసాని హంపమ్మ అప్పుడే చెప్పె. మీకు ముందే తెలుసని మాత్రం ఇప్పుడే తెలిసె.”